తేదీ ఒకటే, రోజు ఒకటి కాదు: ‘చరిత్రలో ఈ రోజు’ సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పొద్దున పత్రిక విప్పగానే నా చూపు ముందుగా మీ శీర్షిక మీదికే పోతుంది. నాలుగు వేళ్ల వెడల్పు చోటులో మీరు పెట్టే ఆ ఆరేడు పంక్తులను ముప్పై ఏళ్లకు పైగా చదువుతున్నాను. చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాడిని. తరగతి గదిలోకి వెళ్లి, నల్లబల్ల మీద ఆనాటి తేదీ వేసి, దాని కింద మీ శీర్షికలోని ఒక సంగతి రాసి పాఠం మొదలుపెట్టడం నా అలవాటు. పాఠ్యపుస్తకం తెరవడానికి ఇష్టపడని పిల్లలు కూడా ఆ ఒక్క వాక్యం కోసం తలెత్తి చూసేవారు. రాజవంశాల పట్టికలన్నీ మరిచిపోయినవారు ఆ వాక్యాలను మాత్రం పదేళ్ల తర్వాత కలిసినప్పుడు కూడా అప్పజెప్పేవారు. మీ చేతిలో ఉన్నది చిన్న చోటే అయినా, అక్కడ రాసింది అంత లోతుగా దిగుతుంది. అందుకే ఈ లేఖ.

జులై 4 తీసుకోండి. అమెరికా స్వాతంత్య్ర ప్రకటన, 1776. అల్లూరి సీతారామరాజు జననం, 1897. స్వామి వివేకానంద మరణం, 1902. మేరీ క్యూరీ మరణం, 1934. పింగళి వెంకయ్య మరణం, 1963. అంగారకుడి మీద పాత్‌ఫైండర్ దిగడం, 1997. హిగ్స్ బోసాన్‌గా తోస్తున్న కొత్త కణం దొరికిందని సెర్న్ ప్రకటన, 2012. ఏటేటా దాదాపు ఇవే పంక్తులు. ఒక్కటీ తప్పు కాదు. కానీ ఒకే కొక్కానికి ఏడుగురి చొక్కాలు తగిలించినట్టు ఉంటుంది ఆ వరుస. అవి ఎవరివో, ఎందుకు అక్కడికి చేరాయో చదివేవాడికి తెలియదు. చదివి పక్కన పెట్టేస్తాడు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజున మరణించారని నేను ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పాను. మీలాంటి ఒక శీర్షికలోనే చదివాను. ఆంగ్ల సాహిత్యం, స్పానిష్ సాహిత్యం ఒకే పూట దిక్కులేనివి అయిపోయాయని ఆవేశంగా చెప్పేవాడిని. అది నిజం కాదు. అప్పటికి స్పెయిన్ ఇప్పుడు మనం వాడుతున్న గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారి 34 ఏళ్లు అయింది. ఇంగ్లండ్ ఇంకా పాత జూలియన్ క్యాలెండర్‌నే పట్టుకుని ఉంది. రెండింటికీ మధ్య తేడా పది రోజులు. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అయిన రోజున స్పెయిన్‌లో మే 3. అంటే షేక్‌స్పియర్ కన్ను మూసేనాటికి సెర్వాంటెస్ లోకం విడిచి పది రోజులు దాటింది. పైగా సెర్వాంటెస్ మరణించింది 22వ తేదీన, 23 ఖననం జరిగిన రోజు అని పరిశోధకులు అంటున్నారు. షేక్‌స్పియర్ పుట్టింది కూడా ఏప్రిల్ 23నే అని రాస్తుంటారు కదా, దానికీ గట్టి ఆధారం లేదు. చర్చి రిజిస్టరులో ఉన్నది 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టు మాత్రమే. పుట్టిన తేదీ దాన్నుంచి వెనక్కి లెక్కగట్టుకున్న ఊహ.

ఇది తెలిసిన నాడు నాకు కోపం రాలేదు, దిగులు వేసింది. ఎన్ని తరగతుల పిల్లలు ఆ తప్పును నా నోటి నుంచి మోసుకుపోయారో లెక్క లేదు. వాళ్లందరినీ వెనక్కి పిలిచి దిద్దలేను కదా. దిద్దగలిగింది మీరే. అందుకే నా మొదటి కోరిక: పాత తేదీల దగ్గర అది ఏ క్యాలెండర్ ప్రకారమో ఒక్క మాట చేర్చండి.

ఆ ఒక్క మాటలో ఎంత కథ ఉందో మీకు తెలియనిది కాదు. జూలియన్ ఏడాది సూర్యుడి ఏడాది కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలు శతాబ్దాల మీద పోగుపడి పదహారో శతాబ్దానికి పది రోజులయ్యాయి. వాటిని తీసివేయడానికి 1582 అక్టోబరు 4 తర్వాతి రోజును అక్టోబరు 15గా లెక్కించమని పోప్ గ్రెగరీ ఆదేశించాడు. స్పెయిన్‌లో సరిగ్గా ఆ రాత్రే క్రైస్తవ సన్యాసిని అవిలా తెరెసా మరణించింది. అందుకే ఆమె మరణం అక్టోబరు 4న అని ఒక పుస్తకంలోనూ, 15న అని మరో పుస్తకంలోనూ కనిపిస్తుంది. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రే. బ్రిటన్ ఈ మార్పుకు 1752 దాకా ఒప్పుకోలేదు. రష్యా 1918 దాకా ఆగింది. అక్టోబరు విప్లవాన్ని నవంబరు 7 కింద ఎందుకు వేస్తారని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి నన్ను అడిగేవాడు. పెట్రోగ్రాడ్ గోడ మీద ఆ రోజు అక్టోబరు 25 అని చెప్పగానే వాడి ముఖం వెలిగేది. ఆ వివరం మీ పంక్తిలోనే ఉంటే ఆ వెలుగు పత్రిక చదివే ప్రతి ఇంట్లోనూ కలిగేది.

మన దేశ చరిత్రలోనూ ఈ చిక్కు ఉంది. ఔరంగజేబు మరణం 1707 ఫిబ్రవరి 20 అని కొందరు, మార్చి 3 అని మరికొందరు రాస్తారు. రెండూ ఒకే రోజు, ఒకటి పాత లెక్క, ఒకటి కొత్త లెక్క. శివాజీ పుట్టిన రోజుగా ఇప్పుడు పాటిస్తున్న 1630 ఫిబ్రవరి 19 జూలియన్ తేదీ. గ్రెగోరియన్ లెక్కలో అది మార్చి 1. నిజానికి సమకాలికులు ఆ రోజును ఈ రెండు పేర్లతోనూ పిలవలేదు. వాళ్లకు అది శక సంవత్సరంలో ఫాల్గుణ బహుళ తదియ. మన శాసనాలు చాలావరకు సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం చెప్పేవే. తిథి అర్ధరాత్రికి మొదలై అర్ధరాత్రికి ముగిసేది కాదు. పగటి మధ్యలో మారవచ్చు, రాత్రి మారవచ్చు. అలాంటి దాన్ని ఇంగ్లిషు తేదీలోకి దించేటప్పుడు ఒక రోజు అటూ ఇటూ కావడం సహజం. దాన్ని దాచిపెట్టి ఒకే తేదీని శిలాక్షరంలా అచ్చువేయడం మాత్రం సహజం కాదు. ‘సుమారుగా’ అనే మాటకు మీ శీర్షికలో చోటు ఇవ్వడం వల్ల దాని గౌరవం తగ్గదు.

పాత కాలం వదిలేసి, మనం కళ్లారా చూసిన కాలానికి వద్దాం. చంద్రుడి మీద మనిషి దిగింది 1969 జులై 20న అని రాస్తారు. అది అమెరికా గడియారం. వ్యోమగాములను దించిన ఈగిల్ నౌక చంద్రుడి నేలను తాకేసరికి మన దేశంలో జులై 21 తెల్లవారుజాము ఒంటిగంట నలభై ఏడు నిమిషాలు. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టేసరికి మనకు ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. అది రేడియోలో విన్న మన పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఆ రోజు 21. వాళ్ల జ్ఞాపకం తప్పు కాదు. మరొకరి జాబితాను మనం మక్కీకి మక్కీ దించుకోవడమే తప్పు.

ఇంకో సంగతి. ఒక సంఘటనకు ఒకే తేదీ ఉండాలనేది కూడా మనం పెట్టుకున్న నియమమే. జులై 4కే తిరిగి వస్తాను. బ్రిటన్ నుంచి విడిపోవాలని ఫిలడెల్ఫియాలో ప్రతినిధులు ఓటు వేసింది జులై 2న. రాబోయే తరాలు జులై 2ను గొప్ప పండుగగా జరుపుకుంటాయని జాన్ ఆడమ్స్ మర్నాడు తన భార్యకు ఉత్తరం కూడా రాశాడు. 4న జరిగింది ప్రకటన పాఠాన్ని ఆమోదించడం. ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. మూడు తేదీలలో కాగితం మీద అచ్చయిన తేదీ గెలిచింది. ‘జులై 4న అమెరికాకు స్వాతంత్య్రం వచ్చింది’ అని ముక్తసరిగా రాసినప్పుడు ఈ మూడు తేదీల తగువు మాయమైపోతుంది. నా అనుభవంలో పిల్లలకు నచ్చేది ఆ తగువే.

1054 జులై 4 సంగతి మరీ విచిత్రం. ఆ రోజున ఆకాశంలో ఒక కొత్త నక్షత్రం కనిపించిందని చైనా ఖగోళకారులు రాసిపెట్టారు. 23 రోజుల పాటు పట్టపగలే కనిపించింది. నేడు మనం పీత నీహారిక అంటున్నది దాని శేషమే. అది మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఆ నక్షత్రం పేలింది 1054లో కాదు, అంతకు వేల ఏళ్ల ముందు. భూమి మీద అక్షరం పుట్టకముందే బయలుదేరిన వెలుగు ఆ రోజుకు ఇక్కడికి చేరింది. దీన్ని ఏ తేదీ కింద వేస్తాం? కనిపించిన తేదీ కిందే వేయాలి, సందేహం లేదు. కానీ ‘పేలింది’ అని రాయకుండా ‘కనిపించింది’ అని రాయడంలోనే సత్యం ఉంది. ఒక్క క్రియాపదం తేడా.

ఇప్పుడు యాదృచ్ఛికాల గురించి. ఒకే తేదీన కలిసిన జననమరణాలను చూపి, ఇందులో ఏదో దైవసంకేతం ఉందన్నట్టు రాయడం ఈ మధ్య ఎక్కువైంది. అలా రాయాలనే కోరిక నాకు అర్థమవుతుంది. స్వాతంత్య్ర ప్రకటన రాసిన జెఫర్సన్, దానికోసం పోరాడిన ఆడమ్స్, ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, 1826 జులై 4న, కొన్ని గంటల తేడాతో మరణించారు. ఒకాయనకు 83, ఇంకొకాయనకు 90 ఏళ్లు. మరో ఐదేళ్లకు అదే తేదీన మరో మాజీ అధ్యక్షుడు మన్రో పోయాడు. ఆనాటి అమెరికన్లు దీన్ని దేవుడి చేతి రాతగానే భావించారు. వివేకానందుడు 1898 జులై 4న కశ్మీరులో ఉండగా, తన అమెరికన్ శిష్యుల కోసం ఆ స్వాతంత్య్ర దినం మీద ఒక కవిత రాశాడు. నాలుగేళ్లకు అదే తేదీ రాత్రి బేలూరు మఠంలో, 39 ఏళ్ల వయసులో దేహం చాలించాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మన జాతీయ జెండాకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న పుట్టి, 1963 జులై 4న పోయాడు. ఒక దేశపు ప్రకటన మీద సంతకాలు జరిగిన తేదీన పుట్టి, అది ఆమోదం పొందిన తేదీన మరణించాడన్నమాట. దీనికి అర్థం ఏమీ లేదు. అయినా ఒకసారి గమనిస్తే మరిచిపోలేం.

అర్థం లేదని ఎందుకు అంటున్నానంటే, ఏడాదికి ఉన్నవి 366 తేదీలే. పేరున్న మనుషులు లక్షల్లో ఉన్నారు. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వారిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి మించిన అవకాశం ఉంది. ఇది నేను ప్రతి ఏడాదీ తరగతిలో పిల్లల చేత లెక్క వేయించేవాడిని. చాలాసార్లు ఒక జంట దొరికేది, వాళ్లిద్దరూ ఆ రోజంతా పక్కపక్కనే కూర్చునేవారు. డార్విన్, లింకన్ ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12నే పుట్టడం అలాంటిదే. ఆ కలయికను చెప్పండి, తప్పకుండా చెప్పండి, అది జ్ఞాపకానికి మంచి ఊతం. గ్రహబలానికి, దైవఘటనకు మాత్రం ముడిపెట్టకండి.

నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఎంపిక. పుట్టిన తేదీ ఉండాలంటే ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. రాసిపెట్టేవాళ్లు ఉన్నది కోటల్లో, చర్చిల్లో, కార్యాలయాల్లో. అందువల్ల మీ శీర్షిక మీకు తెలియకుండానే రాజులవైపు, సేనానులవైపు ఒరిగిపోతుంది. పోతన ఏ రోజున పుట్టాడో మనకు తెలియదు. వేమన పుట్టిన రోజు తెలియదు. ఎవరి పద్యాలు రాని తెలుగువాడు ఉండడో, వాళ్లకు మీ 366 గళ్లలో సొంత గడి లేదు. తేదీ ఉన్నవారిలోనూ అందరికీ చోటు దొరకదు. 1868 జులై 4న పుట్టిన హెన్రియెట్టా లీవిట్ పేరు నేను చూసిన జాబితాలలో అరుదు. హార్వర్డ్ వేధశాలలో ఫొటో పలకల మీద నక్షత్రాలను పరిశీలించి, సెఫీడ్ తారల కాంతికీ అవి మిణుకుమనే వ్యవధికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది ఆమె. ఇతర గెలాక్సీల దూరాన్ని మనిషి కొలవగలిగింది ఆ సూత్రంతోనే. ఇంకెవరికి ఇవ్వాలి ఆ ఒక్క పంక్తి?

ఇక 1946 జులై 4 గురించి చెప్పి ముగిస్తాను. ఇంతసేపూ నేను ఒకే తేదీన వేర్వేరు సంవత్సరాలలో జరిగిన వాటి గురించి మాట్లాడాను. ఇది అలాంటిది కాదు. నిజంగా ఒకే రోజు.

ఆ రోజు మనీలాలో అమెరికా జెండా దిగి, ఫిలిప్పీన్స్ జెండా పైకి లేచింది. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్ కింద, ఆ తర్వాత సుమారు అర్ధ శతాబ్దం అమెరికా కింద ఉన్న దేశం స్వతంత్రమైంది. అమెరికా తన స్వాతంత్య్ర దినాన్నే వాళ్లకూ ఇచ్చింది. వాళ్లకు అది పూర్తిగా నచ్చలేదు. 1962లో తమ పండుగను జూన్ 12కు మార్చుకున్నారు. 1898లో స్పెయిన్ నుంచి తామే స్వాతంత్య్రం ప్రకటించుకున్న తేదీ అది. ఇంకొకరు ఇచ్చిన తేదీని వదిలి తాము సంపాదించుకున్న తేదీని పెట్టుకున్నారు.

అదే రోజు పోలండ్‌లోని కీల్ట్సె పట్టణంలో ఒక బాలుడిని యూదులు నేలమాళిగలో బంధించారనే పుకారు పుట్టింది. ఆ భవనంలో అసలు నేలమాళిగే లేదు. అయినా గుంపు కూడింది, పోలీసులు, సైనికులు కూడా కలిశారు. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడి, యుద్ధం ముగిశాక ఇంటిదారి పట్టినవారు 42 మంది ఆ రోజున ప్రాణాలు కోల్పోయారు.

అదే రోజు నిజాం రాజ్యంలో, నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో, విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యాలకు వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఊరేగింపు తీశారు. దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఆ నెత్తుటి నుంచి లేచింది, 1951 దాకా సాగింది.

మనీలాలో జెండా ఎగరేసినవాళ్లకు కీల్ట్సె సంగతి తెలియదు. కీల్ట్సెలో తలుపులు బిగించుకున్నవాళ్లకు కడవెండి అనే ఊరు ఉందనే తెలియదు. కడవెండిలో కొమరయ్య శవాన్ని చుట్టుకుని కూర్చున్నవాళ్లకు ఈ రెండూ తెలియవు. ముగ్గురినీ ఒక చోట చూడగలిగే అవకాశం ఉన్నది మనకే, అదీ మీ శీర్షిక లాంటి చోటులోనే. ఇంగ్లిషు జాబితాల నుంచి దించుకున్నంత కాలం మనకు మొదటిది తప్పకుండా దొరుకుతుంది, రెండోది అప్పుడప్పుడు దొరుకుతుంది, మూడోది దొరకదు. కొమరయ్య వర్ధంతి లోపలి పేజీలో సభల వార్తగా వస్తుంది. ప్రపంచ చరిత్ర మధ్యలో, మనీలా పక్కన, ఆ పేరు నేను ఎప్పుడూ చూడలేదు.

ఏడు పంక్తులు అక్కర్లేదు. రెండు చాలు, మూడు చాలు. ఒక్కో దానికి నాలుగు వాక్యాలు ఇవ్వండి: ఏ క్యాలెండరు, ఎంత ఖాయం, ఎందుకు జరిగింది, తర్వాత ఏమైంది. తప్పు వచ్చినప్పుడు అదే శీర్షికలో, అదే అక్షరాల పరిమాణంలో సవరణ వేయండి. కిందటి ఏడాది కూర్పును తేదీ చూసి మళ్లీ అచ్చుకు పంపే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. సహాయం కావాలంటే నాలాంటి ఉపాధ్యాయులు ఎంతోమంది ఉన్నారు, అడిగితే చాలు, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా వెతికి ఇస్తారు.

వచ్చే జులై 4న పొద్దున్నే పత్రిక విప్పి, 1946 అనే అంకె పక్కన మూడు ఊళ్ల పేర్లు ఉన్నాయేమో చూస్తాను.

ఇట్లు,
మీ శీర్షిక పాఠకుడు, ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు